డ్రమ్ బ్రేకుకు షూలు మార్చడం ఒక్కటే వైద్యం కాదు

"బ్రేకు తొక్కితే సప్పుడొస్తుందన్నా" అని పాత బండిని షెడ్డు ముందు నిలబెడితే, చక్రం విప్పకముందే వచ్చే జవాబు "షూలు పోయినయ్, ఎయ్యాలె." పెడల్ మెత్తగా దిగుతోందంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఎయిర్ పట్టింది, తీస్తే సరి." డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటిది. బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడికి లోపలి నుంచి దాన్ని ఒత్తి ఆపేవి షూలు. ఎయిర్ అంటే ఆ ఆయిల్ పైపుల్లో చేరిన గాలి. ఈ రెండు జవాబులూ కొన్నిసార్లు నిజమే. కానీ కారణం వెతకకుండా కొత్త షూలు వేస్తే ఆయిల్ కారుతున్న చోట కొత్త షూలు తడుస్తాయి. ఆయిల్‌ను ఆపే రబ్బరు కప్పు అరిగిన సిలిండర్ నుంచి ఎయిర్ తీస్తే పదిహేను రోజులకు మళ్లీ ఎయిర్ పడుతుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. బ్రేకు బాగైందని నమ్మి బండి నడపడం అంతకంటే పెద్ద ప్రమాదం.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: షూలు మార్చడం, ఎయిర్ తీయడం చివర్లో చేసే పనులు. ముందు పెడల్ ఏం చెబుతోందో చూడాలి. తర్వాత డ్రమ్ము విప్పి తడి ఎక్కడుందో వెతకాలి. ఆ తర్వాత షూకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేయాలి. వరస తప్పితే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇందులో ముప్పాతిక వంతు పని ఇంటి ముందు, పానాల సెట్టుతో, ఓపికతో చేసుకోగలిగిందే.

పాత కమాండర్ జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మారుతి 800, ఓమ్ని, జిప్సీలకు వెనక చక్రాలకు ఉంటాయి. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు చెల్కల్లో తిరిగే బండికి ఎర్ర దుమ్ము పడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు పొలం బాటల్లో వడ్ల బస్తాలు మోసే బండికి రేగడి బురద పడుతుంది. డ్రమ్ము మూసే ఉంది కదా, లోపలికి ఏం పోతుందిలే అనుకుంటారు. పోతుంది, డ్రమ్ముకు వెనక మూతలా ఉండే వెనక ప్లేటు సందుల్లోంచి పోతుంది. పోయింది తేలిగ్గా బయటికి రాదు. షూ అరిగిన పొడి కూడా లోపలే ఉండిపోతుంది.

ముందు పెడల్ సంగతి. ఇంజన్ ఆపి చూడాలి. కాలి బలానికి తోడు బలం కలిపే బూస్టర్ ఉన్న బండయితే ఐదారుసార్లు తొక్కి అందులో మిగిలిన వాక్యూమ్ పోగొట్టాలి, లేకపోతే కాలికి తేడా తెలియదు. ఇప్పుడు ఒకసారి తొక్కండి. పెడల్ బాగా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగిందా? అది ఎయిర్ కాదు, షూల సందు ఎక్కువైంది. మొదటి తొక్కుకు వెళ్లిన ఆయిల్ షూలను డ్రమ్ము దాకా నెట్టడానికే చాలదు. రెండో తొక్కుకు అవి తాకుతాయి. చక్రం బేరింగు వదులైనా ఇలాగే ఉంటుంది. డ్రమ్ము ఊగుతూ షూలను వెనక్కి నెట్టేస్తుంది.

ఎన్నిసార్లు తొక్కినా కింద బంతి ఉన్నట్టు మెత్తగా, తిరిగి పైకి తోస్తున్నట్టు ఉంటే అది ఎయిర్, లేదా పాత రబ్బరు హోసు ఉబ్బుతోంది. హోసు దగ్గర ఒకరు చేయి వేసి ఉంచి, ఇంకొకరు తొక్కితే ఉబ్బడం చేతికి తెలుస్తుంది. కాలు ఒకే బలంతో పెట్టి ఉంచినప్పుడు పెడల్ మెల్లమెల్లగా జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) లోపలి కప్పు ఆయిల్‌ను దాటనిస్తోంది. బూస్టర్ ఉన్న బండిలో పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త దిగుతుంది. అది జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం. దాన్ని చూసి బ్రేకు మెత్తబడిందని పైపులన్నీ విప్పించుకునేవాళ్లున్నారు.

కొత్త షూలు వేసిన తర్వాతే పెడల్ మెత్తబడితే అనుమానించాల్సింది వేరు. డ్రమ్ము అరిగి పెద్దదైతే కొత్త లైనర్ (షూ మీద ఉండే రాపిడి పట్టీ) వంపు దానికి సరిపోదు. లైనర్ కొంత భాగమే డ్రమ్మును తాకుతుంది, మిగతా భాగం తాకే దాకా షూ వంగుతూ ఉంటుంది. ఆ వంగడమే కాలికి మెత్తగా తగులుతుంది. దీనికి ఎన్ని సీసాల ఆయిల్ పోసి ఎయిర్ తీసినా లాభం లేదు.

వేడెక్కినప్పుడు మాత్రమే వచ్చే జబ్బును చల్లగా ఉన్నప్పుడు ఇంటి ముందు పట్టుకోలేం. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగే ఘాట్‌ను తీసుకోండి. మే నెల, బండి నిండా జనం, డ్రైవర్ పెద్ద గేరులో బ్రేకు మీదే దిగుతున్నాడు. అప్పుడు మూడు రకాల ముప్పులున్నాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనర్ వేడికి పట్టు కోల్పోయింది. పెడల్ గట్టిగానే ఉన్నా మామూలు కంటే కిందికి వెళ్లి ఆగితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరం జరిగింది. డిస్క్ బ్రేకుకు ఈ బాధ లేదు. పెడల్ ఒక్కసారిగా నేల దాకా పోతే మాత్రం బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. అరగంట ఆగి చల్లారాక అంతా మామూలుగా కనిపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని మరిచిపోతారు. మరిచిపోవద్దు. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని, నీరు పీల్చిన తర్వాత 140 దాకా నిలవాలని ప్రమాణం. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఈ ఆయిల్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చమనడం అందుకే. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు, దాని జోలికి పోవద్దు. ఆయిల్ ఎంత మంచిదైనా దిగేటప్పుడు చిన్న గేరు తప్పనిసరి.

ఇక చప్పుడు. చప్పుళ్లన్నీ ఒకటి కావు. మెల్లగా పోతూ కొద్దిగా తొక్కినప్పుడు వచ్చే కీచుమనే శబ్దం ఎక్కువగా లైనర్ అద్దంలా నునుపెక్కడం వల్లా, లోపల పొడి పేరుకోవడం వల్లా వస్తుంది. గరగరమంటే లైనర్ అయిపోయి రివెట్టో, షూ ఇనుమో డ్రమ్మును గీస్తోంది. ఆ రోజే బండి ఆపాలి. చక్రం ఒక చుట్టుకు ఒకసారి రాసుకుంటూ, పెడల్ కూడా కాలి కింద కొడుతుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది. వాన పడి రాత్రంతా నిలిపిన బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే అది పైపైన పట్టిన తుప్పు, దానంతట అదే పోతుంది. తొక్కినప్పుడల్లా "టక్" మని ఒక్క దెబ్బ మాత్రమే వినిపిస్తే రెండు చోట్ల చూడాలి. ఒకటి, షూ అంచు ఆనే వెనక ప్లేటు తిన్నెలు. ఒక్కో షూకు సాధారణంగా మూడు ఉంటాయి. అక్కడ గుంటలు పడితే షూ అంచు వాటిలో ఇరుక్కుని ఒక్కసారిగా తప్పుకుంటుంది. రెండోది డ్రమ్మును లోపల కోసి చదును చేసే లేత్ పని. టూలు తొందరగా నడిపిస్తే డ్రమ్ము లోపల మర చుట్లలాంటి గీతలు పడతాయి. షూ ఆ గీతల వెంట పక్కకు జరిగి, స్ప్రింగు లాగగానే టక్కున వెనక్కి వస్తుంది. దానికి కొత్త షూలు పరిష్కారం కాదు.

విప్పేటప్పుడు. చదునైన నేల మీద నిలిపి, విప్పని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. జాకీ ఎత్తడానికే, దాని మీద బండిని ఆపి పని చేయకూడదు. స్టాండు ఉండాలి. ఇటుకలు పెట్టొద్దు, ఒక్క దెబ్బకు పగులుతాయి. హ్యాండ్ బ్రేకు వదలండి. డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద కొట్టొద్దు, బీడు ఇనుము ముక్క ఊడుతుంది. అరిగిన డ్రమ్ము అంచున గట్టు ఏర్పడి షూలను పట్టుకుని ఉంటుంది. వెనక ప్లేటులోని రబ్బరు బిళ్ళ తీసి, షూల సందును పెంచి తగ్గించే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను దగ్గరికి తేవాలి. ఓమ్ని, జిప్సీ లాంటి వాటి డ్రమ్ము ముఖం మీద రెండు మర రంధ్రాలుంటాయి. 8 మి.మీ. బోల్టులు రెండు వాటిలో సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్మే బయటికి వస్తుంది.

రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒకటి నమూనాగా ఉండాలి. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, ఏ లైనర్ పొడుగు, అన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కొన్ని పాత జీపుల్లో రెండు షూల లైనర్ల పొడవు వేరుగా ఉంటుంది. అలా ఉంటే ఏది ఏ వైపు ఉందో అదే వైపు మళ్లీ వేయాలి. ఇంకొకటి: డ్రమ్ము బయట ఉండగా ఎవరూ పెడల్ తొక్కకూడదు. ఇంట్లో పిల్లలుంటే ముందే చెప్పండి. తొక్కితే సిలిండర్ పిస్టన్లు బయటికి ఊడిపడతాయి.

లోపలి పొడిని నోటితో ఊదొద్దు, గాలి పంపు పెట్టొద్దు. పాత లైనర్లలో యాస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం అక్కడే ఉంటుంది. సబ్బు నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయాలి. మెకానిక్ షెడ్లలో కుర్రాళ్లు రోజూ కంప్రెసర్‌తో ఊదుతూ కనిపిస్తారు. ఆ అలవాటు మాన్పించాల్సింది యజమానులే.

డీజిల్‌తో కడగడం అంతకంటే ఎక్కువ కనిపించే తప్పు. డీజిల్ పొర లైనర్‌లోకి ఇంకుతుంది, సిలిండర్ రబ్బర్లు ఉబ్బుతాయి. కిరసనాయిలూ పెట్రోలూ అంతే. స్ప్రే డబ్బాలో దొరికే బ్రేక్ క్లీనర్ వాడండి.

ఇప్పుడు తడి వెతకాలి. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను నెట్టేది) చివరి రబ్బరు టోపీ అంచును చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా ఎత్తి చూడండి. లోపల కొంచెం చెమ్మ ఉంటే పరవాలేదు. బొట్టు కారితే కప్పు పోయింది. టోపీ చిరిగి ఎర్ర దుమ్ము లోపల ముద్దకట్టి ఉంటే కప్పు ఇవాళ కాకపోతే రేపు పోతుంది. రబ్బర్ కిట్టు మార్చే ముందు సిలిండర్ లోపలి గోడను చూడాలి. 600 నంబరు ఎమరీ పేపర్‌ను బ్రేక్ ఆయిల్‌లో తడిపి తేలిగ్గా తిప్పి తుడిచాక గోరుకు గుంట తగిలితే కిట్టు వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. తుప్పు గుంట కొత్త కప్పును కూడా కోస్తుంది. కప్పు పెదవి ఆయిల్ వైపు ఉండాలి. బిగించేటప్పుడు కొత్త బ్రేక్ ఆయిలే రాయాలి. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి ఇరుక్కుంటుంది. ఎవరైనా తెలియక బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసుంటే కడిగితే సరిపోదు. మాస్టర్ నుంచి హోసుల దాకా ఉన్న ప్రతి రబ్బరూ మార్చాలి.

తడి అంతా బ్రేక్ ఆయిలే కాదు. బ్రేక్ ఆయిల్ పలచగా ఉంటుంది, తగిలిన చోట పెయింటు లేస్తుంది. నల్లగా చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే అది గేరాయిల్, వెనక యాక్సిల్ సీల్ దాటి వచ్చింది. ఇక్కడే చాలామంది సీల్ మార్చి ఊరుకుంటారు. యాక్సిల్ గొట్టం మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. పొలం బురద ఎండి అది మూసుకుపోతే, లోపల వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ను సీల్ మీదికి తోస్తుంది. కొత్త సీల్ కూడా కారుతుంది. గేరాయిల్ ఎక్కువ పోసినా ఇదే గతి. సీల్ వేసే ముందు బ్రీదర్ తీసి శుభ్రం చేయండి, గేరాయిల్ మట్టం ప్లగ్గు రంధ్రం అంచుకు మించకుండా చూడండి.

ఆయిల్ తాగిన లైనర్‌ను మంట మీద కాల్చి మళ్లీ వేసేవాళ్లున్నారు. పైన ఎండినట్టు కనిపిస్తుంది. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, ఒక చక్రం పట్టేస్తే ఒకటి జారుతుంది, బండి పక్కకు లాగుతుంది. దాన్ని పారేయాల్సిందే. షూలు మార్చితే ఒక్క చక్రానికి కాకుండా ఆ యాక్సిల్ రెండు వైపులా మార్చాలి. రివెట్టు లైనర్ అయితే రివెట్టు తల మీద 1 మి.మీ.కి తగ్గకముందే, అంటించిన లైనర్ 1.5 మి.మీ.కి రాకముందే మార్చండి.

లైనర్ బాగానే ఉండి నునుపెక్కితే 80 నంబరు ఎమరీతో పైపొర తీస్తే చాలు. డ్రమ్ములో గోరుకు గీతలు తగిలితే, లేదా రెండు మూడు దిక్కుల్లో వెర్నియర్ పెట్టి కొలిస్తే తేడా 0.1 మి.మీ. మించితే లేత్‌కు ఇవ్వాలి. ఎంత దాకా కోయొచ్చో చాలా డ్రమ్ముల మీద పోతపోసే ఉంటుంది. మారుతి 800 డ్రమ్ము 180 మి.మీ., 182 మించితే పనికిరాదు. రెండు డ్రమ్ములూ ఒకే కొలతకు తీయించండి. లేత్ దగ్గర నిలబడి "ఆఖరి కోత మెల్లగా నడిపించన్నా" అని అడగండి, ఆ ఒక్క మాట టక్‌మనే చప్పుడును ఆపుతుంది. తెచ్చాక 80 నంబరు ఎమరీతో లోపల అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, వేడి సబ్బునీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. కడగకపోతే బీడు పొడి కొత్త లైనర్‌లో దిగబడి మళ్లీ గీస్తుంది.

షూ, డ్రమ్ము కుదిరాయో లేదో చూడడానికి బడి సుద్దముక్క చాలు. డ్రమ్ము లోపల సుద్ద పూసి, షూను చేత్తో దానికి ఆనించి ముందుకూ వెనక్కూ జరపండి. లైనర్ మీద తెలుపు ఎక్కడ అంటిందో అక్కడే తాకుతోంది. మధ్యలో అంటితే కొన్నాళ్లకు మొత్తం కూర్చుంటుంది. రెండు చివర్లే తెల్లబడితే షూ పట్టేస్తుంది, కీచుమంటుంది. ఆ చివర్లను ఆకురాయితో కొద్దికొద్దిగా తీసి, మళ్లీ సుద్దతో చూడాలి. లైనర్ రెండు కొసలనూ ఏటవాలుగా రుద్దితే కీచుశబ్దం ఇంకా తగ్గుతుంది.

వెనక ప్లేటు తిన్నెలను తుప్పు పోయేలా గీకి, వేడికి కరగని బ్రేక్ గ్రీజు చాలా పలచగా, వేలికొసతో రాయండి. బేరింగ్ గ్రీజు వేడికి కరిగి లైనర్ మీదికి పాకుతుంది. గుంటలు పడితే వెల్డింగ్ పెట్టించి చదును చేయించాలి. స్ప్రింగు చుట్ల మధ్య సందు కనిపిస్తే అది సాగిపోయింది, మార్చండి. దాని ఖర్చు షూల ముందు లెక్కలోకి రాదు.

సందు సరిచేయడం ఈ పనిలో అసలు మెలకువ, అయినా అందరూ తొందరపడేది ఇక్కడే. ముందు చక్రం బేరింగు ఊగకుండా చూసుకోండి. హ్యాండ్ బ్రేకు కేబుల్ నట్టు పూర్తిగా వదులు చేయండి. డ్రమ్ము ఎక్కించి, పెడల్ రెండు మూడుసార్లు తొక్కి షూలను మధ్యకు తేవాలి. ఆ తర్వాత అడ్జస్టర్‌ను చక్రం ఆగేదాకా బిగించి, చక్రం తేలిగ్గా తిరుగుతూ సన్నగా రాసుకునే శబ్దం వచ్చేదాకా వెనక్కి వదలాలి. నాలుగు చక్రాలకూ అయ్యాకే కేబుల్ సంగతి. పెడల్ దిగుతోందని హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగించడం చాలాచోట్ల చూస్తాం. అప్పటికి పెడల్ పైకొస్తుంది. కానీ షూ లివర్ తన చోటికి వెనక్కి రాలేదు. ఆటో అడ్జస్టర్ ఉంటే పనిచేయదు, డ్రమ్ము ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతుంది.

ఇవన్నీ అయ్యాక ఎయిర్. పేరున్న కంపెనీ సీలు తీయని సీసా తీసుకోండి. ఎయిర్ వరకే అయితే అర లీటరు చాలు, పాత ఆయిల్ మొత్తం మార్చాలంటే ఒక లీటరు. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన బండ్లలో సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ముందు ఒక చక్రం, దాని ఎదురుమూల వెనక చక్రం ఒకే పైపు వరసలో ఉంటే ఆ బండి మాన్యువల్ చెప్పిన వరస. తుప్పు పట్టిన నిపుల్‌ను (ఎయిర్ వదలడానికి సిలిండర్‌కు ఉండే చిన్న మర) ముందురోజు రాత్రే డబ్ల్యూడీ-40తో నానబెట్టి, నోరు తెరిచిన పానా వాడకుండా రింగు పానాతోనే తిప్పండి. తల గుండ్రమైతే సిలిండర్ మార్చాల్సిందే. పారదర్శక గొట్టం ఒక కొస నిపుల్‌కు, ఇంకో కొస ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి.

లోపల కూర్చున్న తమ్ముడికి మూడు మాటలు నేర్పండి: "తొక్కు. పట్టుకో. వదులు." తొక్కి పట్టుకున్నాక నిపుల్ తెరవాలి, మళ్లీ బిగించాకే "వదులు" అనాలి. దడదడా తొక్కితే పెద్ద బుడగ నురగై పైపులోనే ఉండిపోతుంది. పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్‌లో పిస్టన్ రోజూ తిరిగే చోటు దాటితే తుప్పు, మడ్డి ఉంటాయి. పెడల్ నేల దాకా పోతే కప్పు ఆ గరుకు మీద నడిచి చిరుగుతుంది. "ఎయిర్ తీశాకే మాస్టర్ పోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. డబ్బాలో ఆయిల్ సగానికి దిగకముందే పోస్తుండాలి. బయటికొచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు.

ఎయిర్ తీసిన ప్రతిసారీ బాగుండి, ఎక్కడా తడి లేకుండానే మళ్లీ మెత్తబడే పాత బండికి చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్లలో చాలావాటికి ఆయిల్ బయటికి వెళ్లే చోట చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసినా పైపులో కొద్ది ఒత్తిడి ఉంచి, వీల్ సిలిండర్ కప్పుల పెదవులు గోడకు ఆనుకుని ఉండేలా చేస్తుంది. అది పోతే కాలు తీసిన క్షణంలో కప్పు పక్కనుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఈ వాల్వు పేరు కూడా ఎత్తకుండా మాస్టర్ కిట్లు వేస్తుంటారు. కిట్టులో ఆ వాల్వు ఉందో లేదో కొనేటప్పుడే విప్పి చూడండి.

తుప్పు తిన్న ఇనుప పైపు కొస మలవడం, డ్రమ్ము కోయడం, గుంటపడ్డ మాస్టర్ బాగుచేయడం ఇంట్లో పెట్టుకోవద్దు. ముఖ్యంగా ఒకే సర్క్యూట్ ఉన్న పాత జీపుల్లో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అలాంటి బండికి హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టడం అలంకారం కాదు.

రోడ్డెక్కే ముందు పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ఏమాత్రం జారినా బండి కదపొద్దు. పెడల్ పైన ఒక సెంటీమీటరు లోపు వదులు ఉండాలి. అసలు లేకపోతే ఆయిల్ వెనక్కి రాక షూలు పట్టేసి ఉంటాయి. ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 10 దాకా పది పన్నెండుసార్లు నెమ్మదిగా వేగం తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి. ఇంటికొచ్చాక చేయి తగలకుండా ఒక్కో డ్రమ్ము దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఒకే యాక్సిల్ మీద ఒకటి మరీ వేడిగా ఉంటే షూ వదలట్లేదు, ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయట్లేదు. కొత్త లైనర్లు కూర్చున్నాక, రెండు మూడు వందల కిలోమీటర్లకు, సందు ఇంకోసారి సరిచేయాలి. అప్పుడే డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. లైనర్లు అరిగేకొద్దీ అది కొద్దిగా తగ్గడం సహజమే. ఈ కొద్ది రోజుల్లోనే వేలెడంత తగ్గితే ఆయిల్ పోయడం కాదు, డ్రమ్ములు మళ్లీ విప్పి తడి ఎక్కడుందో చూడాలి.